తళ్ళికోట మీదికి నెట్టేశాం

చిత్తూరు, తిరుపతి వైపు చరిత్ర మీద కాస్త మోజున్నవాళ్ళు నలుగురు చేరితే మాట తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తుంది. ‘రామరాయలు గెలిచుంటేనా...’ అని ఒకరు అందుకుంటారు. మిగతాది అందరికీ కంఠతా వచ్చు. హంపీ పాడయ్యేది కాదు, తెల్లవాడు ఇక్కడ కాలు మోపేవాడు కాదు, మద్రాసు మన చేయి జారేది కాదు. 1565 జనవరిలో అళియ రామరాయల తల తెగిన చోటే మన కథ ఆగిపోతుంది. ఓటమికి కారణాలూ సిద్ధంగా ఉంటాయి. సుల్తానులంతా ఏకమయ్యారు, నమ్ముకున్న సేనానులు పోరు మధ్యలో అటు తిరిగారు. ఇందులో మన తప్పు ఎక్కడా లేదు. అందుకే ఈ ఊహంటే మనకింత ఇష్టం.

ఒప్పుకోవలసింది ఇకనైనా ఒప్పుకుందాం. అసలు మలుపు మన గుమ్మంలోనే తిరిగింది. చంద్రగిరిని, వేలూరును ఏలిన కొలువులోనే, 1614 అక్టోబరులో. ఆ గొడవ ఏ సుల్తానూ పెట్టలేదు. పెట్టుకున్నదీ, పెంచుకున్నదీ, చంపుకున్నదీ అంతా మనవాళ్ళే.

తళ్ళికోట తర్వాత రాజ్యం చచ్చిపోలేదు. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండ చేరి నిలదొక్కుకున్నాడు. ముగ్గురు కొడుకులకు మూడు దిక్కులు పంచాడు. శ్రీరంగరాయలకు పెనుకొండ, రామరాయలకు శ్రీరంగపట్నం, వెంకటపతికి చంద్రగిరి. 1586లో వెంకటపతి మొత్తానికి రాయలయ్యాడు. పెనుకొండను ముట్టడించిన గోల్కొండ సేన పని కాక వెనుదిరిగింది అతని ఏలుబడిలోనే. రాజధాని చంద్రగిరికి, తర్వాత వేలూరుకు వచ్చింది. జెస్యూట్ పాద్రీలు చంద్రగిరికి వచ్చి కొలువులో నిలబడ్డారు. పులికాటులో వ్యాపారం చేసుకోవడానికి డచ్చివాళ్ళు అతని అనుమతే కోరారు. రాజ్యం చిన్నదైంది, సామంతుల మీద పట్టు సడలింది, నిజమే. అయినా వెంకటపతి 28 ఏళ్ళు నిలబెట్టాడు. మన పాఠాల్లో మాత్రం తళ్ళికోట అయ్యాక ఒక గీత గీసి, నేరుగా కుంపిణీ వాళ్ళ దగ్గరికి దూకుతాం. ఆ మధ్యలో ఉన్నదంతా మన నేల మీద జరిగిన కథ. దాన్నే వదిలేశాం.

పగుళ్ళు ముందే కనిపించాయి. శ్రీరంగపట్నంలో ఉన్న అన్నకొడుకు తిరుమలకూ వెంకటపతికీ పొసగలేదు. ఆ సందులో 1610లో మైసూరు రాజ ఒడయరు శ్రీరంగపట్నాన్ని పట్టేశాడు. చిన్నాన్న కలగజేసుకుని కాపాడుకోలేదు. ఇంటి గొడవలో ఊరు పోయినా పట్టని ఆ తీరే నాలుగేళ్ళ తర్వాత వేలూరు కోటలో పడగ విప్పింది.

వెంకటపతికి రాణులున్నారు, బిడ్డలు లేరు. ఒక రాణి ఎవరి బిడ్డనో తెచ్చి తన కొడుకని పెంచుతోందని కొలువంతా గుసగుసలు. రాయలు ఆ పిల్లవాణ్ణి తోసిపుచ్చనూ లేదు, వారసుడని చాటనూ లేదు. ఎటూ తేల్చకుండా ఏళ్ళు గడిపేశాడు. చావు దగ్గరపడ్డాక మరో అన్నకొడుకు శ్రీరంగరాయలకు ఉంగరం ఇచ్చి రాజ్యం నీదన్నాడు. రాణి పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయడు దాన్ని ఒప్పుకోలేదు. కొత్త రాజును కుటుంబంతో సహా కోటలోనే చెరపట్టి, పసివాణ్ణి గద్దెనెక్కించాడు. దొరలంతా వరుసగా వచ్చి మొక్కారు. వెలుగోటి యాచమనాయుడు మొక్కలేదు.

ఆ కోటలోకి కాపలాను దాటి రోజూ వచ్చిపోయే మనిషి ఒకడున్నాడు. బట్టలు ఉతికే చాకలి. యాచముడు అతనితో మాట్లాడుకున్నాడు. శ్రీరంగరాయల కొడుకు, పన్నెండేళ్ళ రాముణ్ణి మాసిన బట్టల్లో చుట్టి, మూట భుజాన వేసుకుని, ఆ చాకలి కోట గుమ్మం దాటి వచ్చేశాడు. లోపల మిగిలినవాళ్ళకు ఆ అదృష్టం లేదు. చావు తప్పదని తెలిసి శ్రీరంగరాయలు భార్యనూ పిల్లలనూ తన చేత్తోనే చంపుకుని తానూ ప్రాణం తీసుకున్నాడు. ఇదంతా ఇంత వివరంగా రాసిపెట్టింది పోర్చుగీసు పాద్రీ బరాదాస్, 1616 డిసెంబరులో కొచ్చి నుంచి రాసిన ఉత్తరంలో. దాన్ని 1900లో రాబర్ట్ సూయెల్ తన విజయనగర చరిత్ర చివర అచ్చేశాడు. ఆ వంశం మీద పెద్ద పుస్తకం 1927లో రాసింది స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ హెరాస్. వెలుగోటివారి వంశావళిని పరిష్కరించి 1939లో వెలికి తెచ్చిన నేలటూరి వెంకటరమణయ్య లాంటివాళ్ళు మనలోనూ ఉన్నారు. వాళ్ళు చేసిన పనిని లైబ్రరీ బీరువాల్లో పెట్టి తాళం వేసుకున్నవాళ్ళమూ మనమే. రాయల వంశాన్ని మూటలో మోసుకొచ్చిన చాకలి పేరేమిటని అడగాలని కూడా మనకు తోచలేదు.

తర్వాత రెండేళ్ళపైన దేశమంతా రెండు ముక్కలై కొట్టుకుంది. జగ్గరాయని పక్కన మధుర, చెంజి నాయకులు. యాచముని పక్కన తంజావూరు రఘునాథ నాయకుడు. 1616-17లో తిరుచిరాపల్లి దాపున తోపూరు దగ్గర రెండు సేనలూ తలపడ్డాయి. రెండు వైపులా నాయకులు తెలుగు మాట్లాడేవాళ్ళే. జగ్గరాయడు చచ్చాడు. యాచముడు గెలిచాడు. మూటలో బయటపడ్డ రాముడికే రామదేవరాయలుగా పట్టాభిషేకమైంది. అయినా జగ్గరాయని తమ్ముడు ఎతిరాజు ఊరుకోలేదు, కొట్లాట ఆగలేదు. చివరికి రామదేవరాయలు ఆ ఎతిరాజు కూతుర్నే పెళ్ళాడి రాజీపడ్డాడు. ఆ పెళ్ళేదో, ఆ రాజీయేదో 1614లోనే ఎవరో పెద్దమనిషి కూర్చుని కుదిర్చి ఉంటే? మన ఊళ్ళలో పొలం గట్టు తగాదా కోర్టు మెట్లెక్కి, ఇద్దరూ పొలాలు అమ్ముకున్నాక, మొదట పెద్దలు చెప్పిన గట్టు దగ్గరే రాజీ అయినట్టుంది ఈ వ్యవహారం.

‘జరిగి ఉంటే’ అని ఊహించాలంటే ఇక్కడి నుంచి ఊహించాలి. ఎందుకంటే కాలం ఆనాడు మనకు కలిసొచ్చింది. బిజాపూరు, గోల్కొండ రెండింటి కళ్ళూ అప్పుడు ఉత్తరం మీదే ఉన్నాయి. మొగలులు దక్కను మీద పడుతున్నారు, అహ్మద్‌నగరం తరఫున మాలిక్ అంబర్ ఎదురు నిలిచి పోరాడుతున్నాడు. 1636లో షాజహానుతో ఒప్పందం కుదిరాకే ఆ రెండు రాజ్యాలకూ వెనక భయం తీరి దక్షిణానికి తిరిగాయి. 1614 నుంచి 1636 దాకా 22 ఏళ్ళు. ఇల్లు చక్కబెట్టుకోవడానికి అంత గడువు దొరికితే మనం దాన్ని తోపూరులోనూ, ఆ తర్వాతి చిల్లర పోరాటాల్లోనూ తగలేసుకున్నాం. ఆ 22 ఏళ్ళూ ఒద్దికగా ఉండుంటే గోల్కొండను తప్పకుండా ఆపేవాళ్ళమని ఎవరూ చెప్పలేరు. కానీ ఎదుటివాడు వచ్చేసరికి మన దగ్గర ఆపడానికి ఏమీ మిగలకుండా చేసుకున్నది మాత్రం మనమే.

ఆ తర్వాతది ఇంకా సిగ్గుచేటు. 1638లో, రామదేవరాయల తర్వాత రాజైన మూడో వెంకటపతి మీద అతని అన్నకొడుకు శ్రీరంగడు బిజాపూరుతో చేతులు కలిపాడు. 1639 ఆగస్టు 22న మద్రాసు నేలను కుంపిణీ మనిషి ఫ్రాన్సిస్ డేకి రాసిచ్చింది దామర్ల వెంకటప్ప నాయకుడు, మన కాళహస్తి ఏలిన దామర్లవారి మనిషి. తీరంలో కోట కట్టుకునే వాడొకడుంటే గుర్రాలు దొరుకుతాయి, పక్కవాళ్ళ పోరు తగ్గుతుందని అతని లెక్క. రాజే గట్టిగా ఉంటే ఆ లెక్క అవసరమే పడేది కాదు. 1642లో గోల్కొండ సేన తరుముతుంటే ఆ వెంకటపతి, తన సేనానులే వదిలేయగా, చిత్తూరు అడవుల దిక్కు పట్టి కన్నుమూశాడు. బిజాపూరును పిలిచిన ఆ శ్రీరంగడే గద్దెనెక్కాడు. ఇప్పుడు రాజ్యం కాపాడదామని అతను నడుం కడితే, మధుర నాయకుడు గోల్కొండతో మంతనాలు సాగించాడు. ముందు శ్రీరంగడు నేర్పిన విద్యే. 1646కల్లా చంద్రగిరి గోల్కొండ చేతుల్లోకి పోయింది. చివరి రాయలు తంజావూరు, మైసూరు, ఇక్కేరి అంటూ ఆశ్రయం వెతుక్కుంటూ తిరిగాడు. 1953లో మద్రాసు మనకు దక్కలేదని ఇప్పటికీ బాధపడతాం. 1639లో దాన్ని ఎవరు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో ఆ బాధలో ఒక్క మాటా రాదు.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. బాల్కన్లలో సెర్బులు 1389 నాటి కొసావో పోరును మనం తళ్ళికోటను తలుచుకున్నట్టే తలుచుకుంటారు. కానీ 1355లో దుషాన్ చక్రవర్తి పోగానే అతని రాజ్యాన్ని ముక్కలుగా పంచుకున్నది వాళ్ళ దొరలే. బల్గేరియా రాజు ఇవాన్ అలెగ్జాండర్ మన తిరుమలరాయల్లాగే రాజ్యాన్ని కొడుకులకు పంచాడు, ఒకడు తర్నొవోలో, ఒకడు విదిన్‌లో. అన్నదమ్ములకు పడలేదు. తర్నొవో 1393లో, విదిన్ 1396లో తురకల పాలయ్యాయి. బైజాంటియంలో వారసత్వ యుద్ధానికి కాంటకుజినోస్ ఒట్టొమను సేనను పిలిచాడు, 1346లో కూతుర్నీ వాళ్ళ సుల్తానుకు ఇచ్చి పెళ్ళి చేశాడు. 1354లో ఆ సేనే గల్లిపోలి పట్టుకుని ఐరోపాలో దిగిపోయింది. అక్కడా జనానికి ఇష్టమైన కథ ఒకటి, జరిగింది ఇంకొకటి. పరాయివాడి కత్తి గుర్తుంటుంది, వాణ్ణి పిలిచిన మన గొంతు గుర్తుండదు.

మనకు గుర్తు చేసే వస్తువులు లేకపోలేదు. తిరుమల ఆలయంలో మహాద్వారం దాటగానే ఉన్న మండపంలో ఒకవైపు ఇద్దరు రాణులతో చేతులు జోడించిన కృష్ణదేవరాయలు. రోజూ లైనులో వెళ్ళే వేలమందిలో గుర్తుపట్టేవాళ్ళు అతన్నే గుర్తుపడతారు. రెండోవైపున అచ్యుతరాయలు, రాణి వరదాజియమ్మ శిలావిగ్రహాలు, పక్కనే రాగిలో వెంకటపతిరాయలు. 1542లో అచ్యుతుడు పోగానే అతని పసి కొడుకును సొంత మేనమామ, అంటే వరదాజియమ్మ అన్నదమ్ముల్లో ఒకడైన సలకం తిరుమలరాజే, చంపించి గద్దెనెక్కాడు. ఆ గొడవలోనూ బిజాపూరును పిలిచారు. 72 ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే కథ. మళ్ళీ రాణి పుట్టింటివాడే, మళ్ళీ పసివాడే, మళ్ళీ దాయాదులే. రెండు విపత్తులకూ గుర్తుగా ముగ్గురు ఒకేచోట నిలబడితే, మనం గోవిందా అంటూ వాళ్ళ ముందు నుంచే తోసుకుపోతాం.

చంద్రగిరి రాజమహలులో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. ఆదివారం పిల్లలతో వెళ్తాం, ఫొటోలు దిగుతాం, పెళ్ళికి ముందు షూటింగులూ చేస్తాం. కృష్ణదేవరాయలు తన తమ్ముళ్ళను నిర్బంధించి ఉంచింది ఈ కోటలోనే. వారసులను ఎలా చూశామో చెప్పే చోటది. పిల్లలకు ఆ ముక్క చెప్పేవాళ్ళు ఎందరం? బదులుగా కృష్ణదేవరాయలు ఏ కులంవాడని ఫ్లెక్సీలు కట్టుకుని కొట్లాడుకుంటున్నాం. యాచముణ్ణి ఒకరు మావాడంటారు, మరొకరికి మరొక నాయకుడు. జగ్గరాయణ్ణి మావాడనేవాళ్ళు మాత్రం ఎవరూ కనిపించరు. గెలిచినవాణ్ణి పంచుకోవడానికి అందరం ఉన్నాం. చెడగొట్టినవాడు మాత్రం ఏ కులంలోనూ పుట్టలేదు, ఏ ఊరివాడూ కాదు.

రాయల రాజ్యం నిలిచి ఉంటే స్వర్గమయ్యేదని చెప్పే పని లేదు. అమరనాయకుల పన్నులు రైతుకు తేలికేమీ కాదు. జగ్గరాయడొక్కడే దుర్మార్గుడనీ తేల్చలేం, ఎన్నో ఏళ్ళు రాయలే కాదనని పిల్లవాడి కోసం నిలబడ్డానని అతనూ అనుకుని ఉండొచ్చు. నష్టపోయింది కిరీటం కన్నా పెద్దది. తగాదా వస్తే కత్తి దూయకముందే కూర్చుని తేల్చుకునే అలవాటు మనకు అబ్బలేదు. సాళువ నరసింహుడు చంద్రగిరి బలంతో 1485లో గద్దె పట్టినప్పటి నుంచీ వారసత్వం తరచూ మనకు గొడవే అయింది. ఎవరు తర్వాతివాడో ముందే ఒప్పుకుని, ఒప్పుకున్నాక కట్టుబడే పద్ధతి ఒక్కటీ పెట్టుకోలేదు.

ఇప్పటికీ పెట్టుకోలేదు. ఊరి చెరువులో పూడిక ఎవరు తీయించాలన్నా, గుడి ధర్మకర్త ఎవరవ్వాలన్నా, పార్టీలో టికెట్ ఎవరికన్నా, మనలో మనం తేల్చుకునేలోపే ఒక వర్గం పైవాణ్ణి పిలుస్తుంది, రెండో వర్గం వాడికన్నా పైవాణ్ణి. పిలిచినవాడు వచ్చి తన పని చూసుకుంటాడు. పోయాక ‘మనల్ని ముంచాడు’ అని వాణ్ణి తిడతాం.

కాబట్టి మన పిల్లలకు 1565తో పాటు 1614ను కూడా పాఠంగా చెప్పాలి. చంద్రగిరి కోటలోని బోర్డుల మీద వేలూరు హత్యల గురించీ రాయాలి. ‘రామరాయలు గెలిచుంటే’ అనడం మొదలుపెట్టినవాణ్ణి ‘వేలూరులో ఎవరు ఎవరికి తగ్గి ఉండాల్సింది?’ అని అడగాలి. దానికి మన కులంవాడికి, మన ఊరివాడికి, మన పార్టీవాడికి మినహాయింపు ఇవ్వకుండా జవాబు చెప్పలేనంతకాలం, ఎన్ని రాజ్యాలు నిలిచి ఉండేవని ఊహించుకున్నా, వాటిని మళ్ళీ కూల్చేది మనమే.