మూడో ప్రశ్న

తార్నాక గదుల్లో, ఉస్మానియా లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివే మన పిల్లలకు రెండు ప్రశ్నలు కంఠతా వచ్చు. రాకెట్లు ఎక్కడినుంచి ఎగురుతాయి? శ్రీహరికోట. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఏది? పులికాట్. మూడో ప్రశ్న మాకు గైడుల్లో కనబడలేదు. రాకెట్ రాకముందు అక్కడ ఎవరున్నారు?

యానాదులున్నారు. బంగాళాఖాతానికీ పులికాట్‌కీ నడుమ ఉన్న దీవి శ్రీహరికోట. ఆ అడవిలో తేనె తీశారు, దుంపలు తవ్వారు, మందుమొక్కలు గుర్తుపట్టారు. స్థానికులు ప్రళయ కావేరి అని పిలుచుకునే ఆ నీళ్లలో దిగి, చేతులతో తడిమి రొయ్యలు పట్టారు. సముద్రపు నీరు ఏ మొగలోంచి ఎప్పుడు లోపలికొస్తుందో, దానివెంట ఏ చేప వస్తుందో వాళ్లకు తెలుసు. ఇది చదువు కాదా?

1969లో మన క్యాంపస్ తెలంగాణ కోసం రగిలింది. ఈ నేల ఎవరిదని అడిగింది. అదే ఏడాది శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. ఆ నేల ఎవరిదని ఎవరడిగారు? 1971 అక్టోబరు 9న అక్కడినుంచి తొలి రాకెట్ ఎగిరింది. యానాదుల్లో కొందరు కాలనీల్లోకి, కొందరు సరస్సు అవతలి ఒడ్డుకి చేరారు. 1976లో పులికాట్‌ను పక్షుల అభయారణ్యం చేశారు. ఒకవైపు రాకెట్‌కు కంచె, ఇంకోవైపు పక్షికి చట్టం. మనిషికి మిగిలింది కూలి.

ఇవాళ అది చూడముచ్చటైన చోటు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తారు. పడవ షికార్లు, స్టాళ్లు, సినిమా పాటలు. పక్షికి పండగ చేసిన ప్రభుత్వం యానాదికి ఒక బోర్డు రాయలేదా?

‘దేశానికి రాకెట్లు వద్దా? పక్షులు బతకొద్దా?’ అని మమ్మల్ని అడిగేవాళ్లున్నారు. వద్దని మేం అనడం లేదు. పక్కనే నేలపట్టు చూడండి. గూడబాతులు వాలితే ఊరికి మంచిదని, వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి బలమని రైతులు వాటిని కాపాడుకున్నారు. మనిషిని తరిమితేనే పక్షి బతుకుతుందన్నది అబద్ధం. మొగలు పూడిపోయి నీరు రాకపోతే చేపా ఉండదు, కొంగా ఉండదు. పూడికకు యానాది కారణమా?

తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా గేటు. పాతకాలపు తోటకు వేసిన కంచెవల్లే తార్నాకకు ఆ పేరొచ్చిందని పెద్దలు చెబుతారు. ఇక్కడ కంచె పోయి పేరు మిగిలింది. అక్కడ కంచె ఉంది, దాని వెనకున్న మనుషుల పేరే పోయింది. నల్లమలలో పులి పేరుతో చెంచులను కదలమన్నప్పుడూ ఇదే కథ.

2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకూ వర్తిస్తుంది. సెక్షన్ 3(1)(డి) నీటి వనరుల్లో చేపల మీద సామూహిక హక్కు ఇస్తుంది. 3(1)(ఎం) ప్రకారం, 2005 డిసెంబరు 13కు ముందు అటవీ భూమినుంచి పునరావాసం లేకుండా చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టినవాళ్లు పునరావాసం అడగొచ్చు. సామూహిక హక్కుకు ఫారం-బి నింపాలి, గ్రామసభ తీర్మానం చేయాలి. ఇది ఎవరి దయా కాదు.

టీచర్లారా, శ్రీహరికోట పాఠం చెప్పేటప్పుడు రాకెట్ బొమ్మ పక్కన యానాది పేరు కూడా రాయండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ సెలవుల్లో ఆ ఒడ్డు గూడేలకు వెళ్లండి. ఫొటోల కోసం కాదు, ఫారాలు పట్టుకొని. ముసలివాళ్లు చెప్పే మొగల పేర్లు, దుంపల పేర్లు, పాత ఊళ్ల పేర్లు రాసుకోండి. మన చరిత్ర మనం రాయకపోతే రాకెట్ పొగే చరిత్ర అవుతుంది.