పుట్టిల్లు మరవని క్యాన్సర్

న్యూయార్క్ నగరంలోని మాంటెఫియోర్ ఆసుపత్రి. 1940ల తొలినాళ్లు. అక్కడికి వచ్చిన ఓ రోగి నానాటికీ చిక్కిపోతున్నాడు. గుండె దడ. చూసిన డాక్టరెవరైనా థైరాయిడ్ అతిగా పనిచేస్తోందనే చెబుతారు. చిక్కల్లా ఒక్కటే... అతడి మెడలో థైరాయిడ్ గ్రంథే లేదు! కొన్నేళ్ల కిందటే ఆపరేషన్ చేసి తీసేశారు. మరి అంత హార్మోను ఎక్కణ్నుంచి వస్తోంది?

డాక్టర్ శామ్యూల్ సీడ్లిన్ బృందానికి సమాధానం దొరికింది. తీసేసిన గ్రంథిలోని క్యాన్సర్ కణాలు అంతకుముందే శరీరంలో ఇతర చోట్లకు చేరాయి. అక్కడ కూర్చుని కూడా థైరాయిడ్ పనే చేస్తున్నాయి. 1943లో ఆ రోగికి రేడియోధార్మిక అయొడిన్ ఇస్తే, ఆ కణాలు దాన్ని తాగేశాయి. తాగినవి దెబ్బతిన్నాయి. 1946లో ఈ వివరాలు వైద్య పత్రికలో వచ్చాయి. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇవాళ్టికీ చేస్తున్న అయొడిన్ చికిత్సకు ఇదే మొదలు.

ఇలా ఎక్కడున్నా పుట్టింటి అలవాట్లు మరవని రకాన్నే డాక్టర్లు 'డిఫరెన్షియేటెడ్' థైరాయిడ్ క్యాన్సర్ అంటారు. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. ఎక్కువగా కనిపించేది పాపిలరీ. ఇది మెడలోని లింఫు గ్రంథులకు పాకుతుంది. రెండోది ఫాలిక్యులర్. దీని దారి రక్తం. ఊపిరితిత్తులకూ, ఎముకలకూ వెళ్తుంది. రెండూ మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. ఇక్కడ వయసు మాట కూడా చెప్పాలి. 55 ఏళ్లలోపు వారికి ఈ క్యాన్సర్ ఊపిరితిత్తులకు చేరినా, రెండో దశగానే లెక్కిస్తారు. మిగతా క్యాన్సర్లలో చాలావాటికి ఇంత మినహాయింపు ఉండదు.

తొలి సంకేతం సాధారణంగా నొప్పిలేని చిన్న గడ్డ. గుటక వేసినప్పుడు పైకీ కిందికీ కదులుతుంది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ మామూలుగా ఉందని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అది పొరపాటు. గడ్డలో క్యాన్సర్ ఉన్నా ఆ పరీక్ష మామూలుగానే ఉండొచ్చు. అల్ట్రాసౌండ్ చేసి, అవసరమైతే సన్నటి సూదితో కణాలు తీసి చూడాలి. అలాగని మెడలో గడ్డలన్నీ క్యాన్సర్ కావు. పదింట తొమ్మిదికి పైగా మామూలువే. ఏ బాధా లేనివారంతా పరీక్షలకు పరిగెత్తాల్సిన పనీ లేదు. దక్షిణ కొరియాలో 1999 తర్వాత అలాగే జరిగింది. 2011 నాటికి ఈ క్యాన్సర్ బయటపడిన వారి సంఖ్య 1993తో పోలిస్తే 15 రెట్లయింది. మరణాలు మాత్రం తగ్గలేదు!

చికిత్సలో మొదటి మెట్టు ఆపరేషన్. గడ్డ తీరును బట్టి గ్రంథిలో సగమో, మొత్తమో తీస్తారు. సెంటీమీటరు లోపు పాపిలరీ గడ్డలు కొన్నింటిని వెంటనే కోయకుండా కనిపెట్టి ఉండే పద్ధతి జపాన్‌లోని కోబే నగరంలో 1993 నుంచే ఉంది. ఆపరేషన్ తర్వాత పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు వస్తే కాల్షియం పడిపోయినట్లు. గొంతు బొంగురుపోతే స్వరపేటిక నరానికి దెబ్బ తగిలిందేమో చూడాలి.

రెండో మెట్టు అయొడిన్. ఒకప్పుడు దాదాపు అందరికీ ఇచ్చేవారు. ముప్పు తక్కువున్న వారికి అది లేకపోయినా నష్టం లేదని 2022లో వెలువడిన ఫ్రాన్స్ పరిశోధన చెప్పింది. అవసరమైన వారికి మాత్రం పథ్యం తప్పదు. కణాలు దాహంతో ఉంటేనే కదా మందు తాగేది! అందుకే వారం రెండు వారాలు అయొడిన్ కలిపిన ఉప్పు, సముద్రపు చేపలు, రొయ్యలు మానాలి. పాలు, పెరుగు, గుడ్డులోని పచ్చసొన తగ్గించాలి. వంటింట్లో ఉప్పు మారిస్తే చాలదు, జాడీలోని ఆవకాయలో ఏ ఉప్పు పడిందో కూడా గుర్తు చేసుకోవాలి. మందు తీసుకున్నాక కొద్దిరోజులు ఆసుపత్రిలో విడి గదిలో ఉంచుతారు. ఇంటికి వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు. తల్లులకు ఆవకాయ మానడం కన్నా ఇదే కష్టం. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఈ మందు ఇవ్వరు. తీసుకున్నవారు కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

అసలు కథ ఇక్కణ్నుంచే మొదలు. మచ్చ మానిపోతుంది, మనిషి మామూలుగా తిరుగుతుంటారు. రెండు మూడేళ్లు శ్రద్ధగా వెళ్లి, 'బాగానే ఉన్నాగా' అనుకుంటూ ఆసుపత్రి మొహం చూడడం మానేస్తారు. ఈ క్యాన్సర్ తిరగబెడితే చాలావరకు మొదటి కొన్నేళ్లలోనే. కానీ పదేళ్లకూ, ఇరవై ఏళ్లకూ తలుపు తట్టిన సందర్భాలూ ఉన్నాయి. దాన్ని పట్టుకోవడానికీ ఆ పుట్టింటి అలవాటే పనికొస్తుంది. థైరోగ్లోబ్యులిన్ అనే మాంసకృత్తిని థైరాయిడ్ కణాలే తయారు చేస్తాయి. గ్రంథి మొత్తం తీసి, అయొడిన్ కూడా ఇచ్చిన వారి రక్తంలో అది దాదాపు ఉండకూడదు. ఏటికేడు పెరుగుతోందంటే ఎక్కడో ఓ మూల కణాలు మేలుకున్నట్లే. అయితే కొందరి రక్తంలో యాంటీబాడీలు ఈ లెక్కను తప్పుదోవ పట్టిస్తాయి. అందుకే వాటినీ చూస్తారు, మెడకు అల్ట్రాసౌండ్ కూడా చేస్తారు. అంకెలు పోల్చాలంటే పరీక్ష ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించుకోవడం మేలు.

గ్రంథి మొత్తం తీసేసిన వారికి థైరాక్సిన్ మాత్ర జీవితాంతం తోడు. పొద్దున్నే పరగడుపున, మంచినీళ్లతో. కాఫీ కనీసం అరగంట తర్వాతే. కాల్షియం, ఐరన్ మాత్రలైతే నాలుగు గంటలు ఆగాలి. ముప్పు ఎక్కువున్న వారికి ఈ మాత్ర మోతాదు కావాలనే కాస్త పెంచి, టీఎస్‌హెచ్‌ను బాగా తగ్గించి ఉంచుతారు. ఆ హార్మోను క్యాన్సర్ కణాలను కూడా ఎదగమని ప్రోత్సహిస్తుంది మరి. ముప్పు తక్కువైతే అంత తగ్గించరు. అనవసరంగా తగ్గిస్తే, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో, ఎముకలు గుల్లబారతాయి, గుండె లయ తప్పుతుంది.

ఊరు మారినప్పుడో, జ్వరానికి వేరే డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడో ఓ తిరకాసు జరుగుతుంటుంది. రిపోర్టులో టీఎస్‌హెచ్ తక్కువగా ఉండడం చూసి, పాత సంగతి తెలియక, మాత్ర తగ్గించి రాసేస్తారు. ఆపరేషన్ నాటి బయాప్సీ రిపోర్టు, అయొడిన్ ఎంత ఇచ్చారో రాసిన కాగితం, ఏటేటా థైరోగ్లోబ్యులిన్ అంకెలు... ఇవన్నీ ఒక ఫైలులో పెట్టుకుని, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు అదే చూపించాలి.