గృహవిజ్ఞానము: నెమ్మదించుటలోని నేర్పు

గడచిన వేసవిలో ఆదోని నుండి మా చెల్లెలు కుమార్తెతోఁ గూడ ఎమ్మిగనూరునందలి మా యింటికి వచ్చెను. పిల్ల మా ల్యాప్‌టాపున విద్యార్థివేతనపు దరఖాస్తు నింపుచుండఁగాఁ గరెంటు పోయెను. గడువు ఆ రాత్రియే. బ్యాటరీపై యంత్రము మందగించుట లోపమని తలఁచి, మేమే దానిని ఎల్లపుడు పూర్ణవేగమున నడచునట్లు అమర్చియుంటిమి. పని ముగియకమునుపే బ్యాటరీ యడుగంటెను. పొరుగింటి ఇన్వర్టరు పుణ్యమున గడువు దక్కినను, పిల్ల కంట నీరు చూచి సిగ్గుపడితిమి.

సోదరీమణులారా, ఆ మందగమనము జబ్బు కాదు, పొదుపు. మా యూరి మగ్గమునే చూడుఁడు. వడిగా నేయవలెనన్న బలముగాఁ ద్రొక్కవలయును. నిదానించిన స్వల్పబలమే చాలును. ప్రాసెసరును నట్టిదే. వేగము హెచ్చుకొలఁది హెచ్చు వోల్టేజి కావలెను. విద్యుద్వ్యయమో, వేగమును బట్టియు, వోల్టేజిని వోల్టేజితో గుణించిన లబ్ధమును బట్టియుఁ బెరుగును.

2000 సంవత్సరమున ఇంటెల్ సంస్థ వెలువరించిన ల్యాప్‌టాపు పెంటియం-3 ప్రాసెసరొకటి గోడకరెంటుపై 650 మెగాహెర్ట్జులు, 1.6 వోల్టులతో నడచి, బ్యాటరీపై 500 మెగాహెర్ట్జులకు, 1.35 వోల్టులకు దిగుచుండెను. వేగము ఇంచుమించు నాలుగవ వంతు తగ్గఁగా, లెక్కలు చేయుటకగు విద్యుత్తు సగమునకుఁ జేరువయ్యెను. నేఁటి ప్రాసెసర్లు ఈ మార్పును క్షణమునకుఁ బలుమార్లు తామే చేసికొనును.

దరఖాస్తు నింపుటకుఁ బూర్ణవేగ మేల? కరెంటు లేనపుడు పొదుపు పద్ధతినే యుంచి, తెరవెలుఁగును గూడఁ దగ్గింపుఁడు. వడిగా సాగి నడుమ నాగిన పనికంటె నిదానముగా ముగిసిన పనియే మేలు.