వానకోటు కొనేముందు ఒక్కసారి చదవండి: మనల్ని తడిపేది వాన ఒక్కటే కాదు



ఈసారి పత్తి ధర గురించో, యూరియా లైన్ల గురించో రాస్తలేను. వానకోటు గురించి రాస్తున్న. నవ్వకుండ చివరిదాక చదవండి. నాలుగు నెలలు ఒంటి మీద ఉండే వస్తువు ఇది. విత్తనానికి, మోటారుకు పది దుకాణాలు తిరిగి బేరం చేస్తం. వానకోటు మాత్రం అంగట్లో ఏది చేతికొస్తే అది పట్టుకొస్తం. నేనూ అట్లనే చేసిన. దానికి మా కొడుకు మోకాలు దెబ్బ తగిలించుకున్నడు.

మావోడు హైదరాబాద్‌ల చదువుకుంటున్నడు. పోయిన శ్రావణంల ముగ్గురు దోస్తులతోటి సైకిళ్ల మీద శ్రీశైలం పోతనన్నడు. "నాయినా, సైకిల్ మీద వేసుకునే వానజాకెట్ ఒకటి కొనుక్కోవాలె, ఏడు వేలైతది" అని ఫోన్ చేసిండు. నాకు కోపం ఆగలేదు. ఏడు వేలంటే 266 రూపాయల 50 పైసల లెక్కన 26 బస్తాల యూరియా. "ఇరవై ఏండ్ల సంది రబ్బరు కోటు తొడుక్కొనే పొలం పోతున్న. నీకు ఏడు వేల కోటు కావాల్నా? నాదే తీస్కపో" అన్న.

కల్వకుర్తి, డిండి మీదుగా వచ్చి రాత్రి మా ఇంట్లనే పండుకున్నరు పిల్లలు. అడివి రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాక బండ్లను వదలరు కాబట్టి తెల్లారినాకనే బయలుదేరిండ్రు. సన్నగ ముసురు పడుతుంది. నా మందపాటి రబ్బరు కోటు మావోనికి నేనే తొడిగి, గుండీలు పెట్టి పంపిన.

మన్ననూరు ఘాటు ఎక్కి, అడివి దాటి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా పాతాళగంగ దిక్కు మలుపుల్లో దిగుతుంటే జరిగింది సంగతి. చలికి వాని వేళ్లు కొయ్యబారినయి. బ్రేకు పట్టుకుంటే పట్టు దొరకలేదు. రోడ్డు పక్క గోడకు గుద్దుకొని పడ్డడు. వెనక వచ్చే బస్సు డ్రైవరన్న చూసి ఆపబట్టి మోకాలు చెక్కుకుపోవుడుతోనే పోయింది. లేకుంటే ఈ పోస్టు రాసే చెయ్యి నాకు ఉండేది కాదు.

"కోటు కారింది కావచ్చురా, పాతదైంది గద" అన్న. "కారలేదు నాయినా, ఘాటు ఎక్కేటప్పుడే లోపల చెమటతోటి నానిపోయిన. దిగేటప్పుడు గాలి కొడితే గడగడ వణికిన" అన్నడు. నేను నమ్మలేదు. కోటు ఇంటికొచ్చినాక ఒక చెయ్యి తిరగదీసి, మణికట్టు కాడ తాడుతోటి గట్టిగ కట్టి, ఆ చేతిల రెండు చెంబుల నీళ్లు పోసి దూలానికి వేలాడదీసిన. అరగంట చూసిన. ఒక్క చుక్క కారలేదు.

అప్పుడు నాకు నా సంగతి యాదికొచ్చింది. "కారుతుంది" అని ఇప్పటికి మూడు కోట్లు పారేసిన నేను. నాట్లప్పుడు, యూరియా చల్లేటప్పుడు, సైకిల్ మీద నాలుగు కిలోమీటర్లు తొక్కినాక విప్పితే చొక్కా పిండుకునేటట్టు ఉండేది. అది వాన అనుకున్న. చూడబోతే అది నా చెమటే. మంచి కోట్లను పారేసి మళ్లా అసొంటివే కొన్న.

సంగతి ఏందంటే, కష్టం చేసే మనిషి గంటకు లీటరు దాక చెమట పోస్తడు. రబ్బరుది, ప్లాస్టిక్‌ది తొడిగితే ఆ తడి బయటికి పోయే దారి లేదు. ఆవిరై కోటు లోపలి వైపు తగిలి మళ్లా నీళ్లైతది. అన్నం గిన్నె మీద మూత తీస్తే చుక్కలు కారవా, అట్లనే. పని చేస్తున్నంతసేపు ఒళ్లు వేడిగనే ఉంటది, తెల్వదు. పని ఆపి బండెక్కినాక, లేకుంటే ఘాటు దిగేటప్పుడు, ఆ తడి మీద గాలి తగిలితే ఒంట్లో వేడంతా గుంజుకపోతది.

మరి ఏడు వేల జాకెట్ గొప్పతనం ఏంది? దాని గుడ్డకు సన్నని పొర ఒకటి అంటించి ఉంటది. మోటారు పైపుల మరలకు మనం తెల్ల టెఫ్లాన్ టేపు చుడతం గద, ఆ పదార్థాన్నే సాగదీసి చేసిన పొర అసలు మొదటిది. 1969ల అమెరికాల రాబర్ట్ గోర్ అనే ఆయన దాన్ని గబుక్కున గుంజితే తెగకుండ సాగుతదని, సాగినాక కంటికి కనపడని సన్న రంధ్రాలతో నిండుతదని కనిపెట్టిండు. ఆ రంధ్రాల్లోంచి ఆవిరి పోతది, నీటి చుక్క పోదు. మొదట వచ్చిన గోర్‌టెక్స్ అదే. ఇప్పుడు తక్కువ ధరల వచ్చే జాకెట్లకు ఎక్కువగ పాలియురెథేన్ పొర వేస్తున్నరు. పని అటుఇటుగ అదే.

దుకాణపోళ్లు రెండు అంకెలు చెప్తరు. మొదటిది నీళ్లను ఆపే అంకె, 10,000 మిల్లీమీటర్లు అని. అంటే పది మీటర్ల ఎత్తు నీళ్ల బరువు దాక గుడ్డ ఓరుస్తది. డ్రిప్ పెట్టినోళ్లకు ఇది సులువుగ అర్థమైతది, పది మీటర్ల ఎత్తు అంటే ఒక కేజీ ప్రెషర్. ఆకాశం నుంచి పడే వాన అంత ఒత్తిడి పెట్టదు. సంచి పట్టీ భుజం మీద ఒత్తే కాడ, కూసున్న కాడ, మోకాలు ఆనిన కాడనే ఒత్తిడి. కాబట్టి 10,000 ఉన్నది మనకు ఎక్కువే. 20,000 కోసం పైసలు పెట్టకండి.

రెండో అంకె ఆవిరిది. అది కూడ 10,000 అనుకుందాం. అంటే చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో పది వేల గ్రాముల, అంటే పది లీటర్ల నీళ్లకు సరిపోయే ఆవిరి బయటికి పోతది. చెవులకు బాగనే వినపడతది. 24తోటి భాగించండి. గంటకు 400 మిల్లీలీటర్ల పైచిలుకు. మనం పోసే చెమట లీటరు! పైగ ఆ అంకె ప్రయోగశాలల కొలిచింది. మన దగ్గర వానాకాలం సంగతి వేరే. ముసురు పట్టిన రోజు కల్లంల వడ్లు పోస్తే ఆరతయా? ఆరవు. గాలిలనే తేమ నిండిపోయి ఉంటది కాబట్టి వడ్ల తేమను అది తీసుకోదు. జాకెట్ లోపలి ఆవిరి సంగతి కూడ అంతే. చలి దేశాల్లో, బయట పొడి గాలి ఉన్న కాడ ఈ పొర బాగ పని చేస్తది. మన ఉక్కపోత వానల్లో దాని బలం సగం చచ్చిపోతది.

ఇది నా సొంత తెలివి కాదు. మావోని దోస్తు ఒకడు ఖరీదు జాకెట్ వేసుకొనే పోయిండు. ఆ పిల్లగాడే చెప్పిండు: "అంకుల్, నేను కూడ లోపల తడిసిన. కానీ చంకల కింద జిప్పులు ఉన్నయి. ఎక్కేటప్పుడు తెరిచిన, దిగేటప్పుడు మూసిన. అందుకే వణకలేదు." నాకు ఆ మాటతోటి మొత్తం అర్థమైంది. వాణ్ని కాపాడింది గుడ్డ కంటే ఎక్కువగ ఆ జిప్పులు.

అందుకే నా అభిప్రాయం ఇది. మావోన్ని తిట్టింది నా తప్పే. అట్లని ఏడు వేలు పెట్టుడు కూడ అక్కర్లేదు. సైకిల్ మీద పోయేటోనికైనా, పొలం పోయేటోనికైనా, నీళ్లను ఆపుడు ఎంత ముఖ్యమో గాలి ఆడుడు అంత ముఖ్యం. పేరుకు, అంకెకు పెట్టే పైసలు గాలి దారులున్న కోటుకు పెట్టండి.

కొనేటప్పుడు నేను చూసేటివి చెప్తున్న.

మొదటిది, చంకల కింద జిప్పులు, లేకుంటే వీపు మీద రేకు లెక్క మడతపడి కింద జాలి ఉన్న గాలిసందు. ఈ రెండిట్ల ఒక్కటి కూడ లేకుంటే ముట్టకండి.

రెండోది, లోపల తిరగేసి కుట్లు చూడండి. ప్రతి కుట్టు మీద పట్టీ అంటించి ఉండాలె. సూది పోయిన ప్రతి రంధ్రం వాననీళ్లకు దారే. గుడ్డ ఎంత మంచిదైనా కుట్టు కాడ కారితే దండుగ.

మూడోది, దుకాణంలనే సైకిల్ తొక్కినట్టు ముందుకు వంగి, చేతులు చాపి చూడండి. నాటేసేటోళ్లు నాటేసినట్టు వంగండి. నడుము బయట పడొద్దు, మణికట్టు బయట పడొద్దు. సైకిల్ జాకెట్లకు వెనక భాగం కొంచెం పొడుగు ఉంటది, అది కావాలనే కుట్టింది. టోపీ తల తిప్పినప్పుడు తలతో పాటు తిరగాలె. లేకుంటే పక్కకు చూస్తే గుడ్డనే కనపడతది, వచ్చే లారీ కనపడదు.

నాలుగోది, రంగు. నల్లది, ముదురు నీలం వద్దు. పసుపో, నారింజో, లైటు పడితే మెరిసే పట్టీ ఉన్నదో తీసుకోండి. ముసురుల చీకటి జల్ది పడతది.

ఐదోది, బరువు. సైకిల్ యాత్రకు పోయేటోళ్లకు పావు కిలో, మూడు వందల గ్రాముల జాకెట్ చాలు, మడిస్తే నీళ్ల సీసా అంత అయితది. కానీ అంత పలుచనిది పత్తి కట్టెలకు, తుమ్మ ముండ్లకు ఆగదు. పొలానికైతే కొంచెం మందంది తీసుకోండి.

ఇంటికాడ పరీక్ష కూడ ఉంది. గ్లాసుల వేడి నీళ్లు పోసి, కోటు గుడ్డను మూతి మీద పరిచి రబ్బరు బ్యాండు వేయండి. పైన పొడి గాజు గ్లాసు బోర్లించండి. పై గ్లాసు మసక పడితే ఆవిరి పోతున్నట్టే. మా రబ్బరు కోటు మీద గ్లాసు మసక పడలేదు, పిల్లగాని జాకెట్ మీద పడ్డది. మా ఇంటామె అద్దంల చూసుకున్నట్టు చూసింది.

కొన్నాక కూడ పని ఉంది. కొత్త జాకెట్ మీద చుక్క పడితే చేమాకు మీద పడ్డట్టు జారిపోతది. పైన పూసిన మందు వల్ల అది. మట్టి, చెమట పట్టి ఆ పూత పోతే పై గుడ్డ నీళ్లు పీల్చి ముద్దైతది, ఆవిరి పోయే దారి మూసుకుపోతది. అప్పుడు జాకెట్ చెడిపోయిందనుకోవద్దు. సబ్బు పొడి దంచి కొట్టకుండ, మెత్తబరిచే మందులు కలపకుండ, తేలిక సబ్బుతోటి ఉతికి బాగ జాడించండి. తడిది మడిచి పెట్టెల పడేస్తే లోపలి పొర చర్మం ఊడినట్టు ఊడతది. ఇంకోటి, వానకోటు తొడుక్కొని పురుగుల మందు కొట్టొద్దు. అది వానకే గానీ మందుకు కాదు. మందు పట్టిన కోటును మళ్లా పిల్లలు వేసుకుంటరు.

ఇంకో ముచ్చట. ఎంత మంచి కోటైనా వాడే పద్ధతి తెలిస్తేనే పనికొస్తది. ఎక్కేటప్పుడు విప్పు, దిగేటప్పుడు తొడుగు. వెచ్చటి చినుకుల్లో పని చేసేటప్పుడు కొంచెం తడిస్తే ఏం కాదు. పని ఆపినాక, బండెక్కే ముందర కోటు వేసుకోవాలె. లోపల మందం కాటన్ చొక్కా వద్దు, అది తడిస్తే ఆరదు. పలుచటి ఆటల బనీను మేలు. ఒక పొడి చొక్కా ప్లాస్టిక్ కవర్ల చుట్టి సంచిల పెట్టుకోండి.

"మన తాతలు గొంగడితోనే బతకలేదా" అని కొందరు అంటరు. నిజమే. గొంగడి కొప్పెర గొప్పది. ఉన్ని తడి పీల్చినా వెచ్చగనే ఉంటది, గాలి ఆడతది. గొర్ల కాపరికి దాన్ని మించింది లేదు. కానీ తడిసిన గొంగడి బరువు మోసుకుంట సైకిల్ తొక్కలేం, నాటెయ్యలేం. "పాంచో చాలదా, కింది నుంచి గాలి వస్తది గద" అని ఇంకొందరు. పొలంల మంచిదే. రోడ్డు మీద మాత్రం లారీ పక్క నుంచి పోతే గాలికి ఎగురుతది, చక్రంల, చైనుల ఇరుక్కుంటది. రోడ్డు మీద నేను ఒప్పుకోను.

ఆఖరి మాట. మా ఇంటామె ఇన్నేండ్ల సంది యూరియా సంచి మూలకు మడిచి నెత్తిన పెట్టుకొనే నాటేసింది, కలుపు తీసింది. రబ్బరు కోటు ఒక్కటే ఉండె ఇంట్ల, అది నాదే. ఆమెకు ఒకటి కొనాలని నాకు ఎప్పుడు తట్టలేదు. కొడుకు అడిగినప్పుడు 26 బస్తాల లెక్క చెప్పిన నేను, ఆమె ఒంటికి ఏ లెక్క వేసిన? ఈసారి చంకల జిప్పులున్నవి, పసుపు రంగువి రెండు కొన్న. రెండూ కలిపి ఏడు వేలల సగం కూడ కాలేదు. ఒకటి మావోనికి. ఒకటి ఆమెకు. నేను పాత రబ్బరు కోటుకే చంకల కింద కోసి, జాలి కుట్టించుకున్న. కొంచెం కారుతది, కానీ లోపల ఉడకబెట్టినట్టు లేదు.

మీ ఇంట్ల ఎన్ని కోట్లున్నయి, ఎవరికున్నయి? ఒక్కసారి లెక్క పెట్టుకోండి. వానాకాలం ఇంకా ఉంది.

అందరికి మంచి పంట పండాలె. ఉంట మరి.