పులిగోరు - చట్టం

అడవి జంతువులను కాపాడాలనే మాటను ఎవరూ కాదనరు. అయితే వాటిని కాపాడే చట్టం అన్ని గడపలనూ ఒకే విధంగా తొక్కుతున్నదా? ఇది ఆలోచించవలసిన విషయం.

2023 అక్టోబరులో బెంగళూరులో ఈ ప్రశ్న బలంగా వినిపించింది. ఒక టెలివిజన్ కార్యక్రమంలో పాల్గొంటున్న యువరైతు మెడలో పులిగోరు పతకం కనిపించింది. అటవీ అధికారులు అతనిని అరెస్టు చేశారు. కొన్నాళ్లకు బెయిలు దొరికింది. ఇంతలో అటువంటి పతకాలే ధరించిన సినీనటుల, నాయకుల ఫొటోలు బయటికి వచ్చాయి. అధికారులు వారి ఇళ్లకు కూడా వెళ్లి పతకాలను పరీక్షకు తీసుకొన్నారు. తమవి అసలు గోళ్లు కావని కొందరు చెప్పారు. ఒకరి విషయంలో ముందు అరెస్టు, మరికొందరి విషయంలో ముందు పరీక్ష ఎందుకని ప్రజలు అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

పులిగోరు పతకం తెలుగువారికీ కొత్త కాదు. పసిపిల్లలకు దిష్టి తగలకూడదని పెద్దలు మెడలో వేసేవారు. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పులిగోరును ఉంచుకోవడం నేరం. రుజువైతే 3 నుంచి 7 సంవత్సరాల జైలుశిక్ష పడవచ్చు.

ఈ చట్టం అందరి మీదా ఒకే బరువు మోపలేదు. బన్నేరుఘట్ట సమీపంలో హక్కిపిక్కి జాతివారు ఉన్నారు. కన్నడంలో 'హక్కి' అంటే పక్షి. తెలుగునాట పిట్టలవారి వలెనే వీరు వలలు పన్ని పక్షులను పట్టి బతికేవారు. చట్టం రాగానే వారి కులవృత్తి నేరమైపోయింది. మరోవైపు రాజులు, ఆంగ్లేయ అధికారులు వినోదం కోసం పులులను వేటాడారు. మైసూరులోని వాన్ ఇంగెన్ సంస్థ ఆ పులుల చర్మాలకు, తలలకు ప్రాణమున్నట్లు రూపం కల్పించేది. పాత వస్తువులు ఉన్నవారు ప్రభుత్వానికి తెలిపి పత్రం పొందే వీలు చట్టంలో ఉంది. 2003లో కేంద్ర ప్రభుత్వం ఇందుకు మరల 180 రోజుల గడువు ఇచ్చింది. చదువు, పలుకుబడి ఉన్నవారికి అలాంటి కబురు త్వరగా అందుతుంది. తాత ఇచ్చిన పులిగోరును పెట్టెలో దాచుకొన్న పల్లెవాసికి అందడం కష్టం.

అయితే పేదవాడు చేసిన వేటను చూసీ చూడనట్లు వదలవలెనా? అలా చేయరాదు. అడవిపంది కోసం పొలం గట్టున పెట్టిన తీగ ఉచ్చులో చిరుతపులి చిక్కి చనిపోవచ్చు. ఉచ్చుకు పేద, ధనిక భేదం తెలియదు. ప్రాణం పోయాక తిరిగి రాదు. కనుక చట్టం అందరికీ వర్తించవలసిందే.

కాని అటవీ సిబ్బంది కొద్దిమంది, అడవి విశాలం. ఎక్కడ ముందు దృష్టి పెట్టాలన్నదే అసలు ప్రశ్న. రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో పులులన్నీ మాయమైన సంగతి 2005లో బయటపడింది. అక్కడ పులులను మింగింది పిల్లల మెడలోని పాత పతకాలు కావు. చర్మాల, ఎముకల వ్యాపారం. కొనేవాడు లేకపోతే చంపేవాడు ఉండడు. అందుచేత మొదట పట్టవలసింది వ్యాపారిని, అతనికి డబ్బిచ్చే ధనికుడిని. తరువాత పొలాల చుట్టూ ఉన్న ఉచ్చులను వెదకి తీసివేయాలి. పంట నష్టపోయిన రైతుకు పరిహారం ఆలస్యం లేకుండా ఇవ్వాలి. వేట మానినవారికి మరొక బతుకుతెరువు చూపాలి. పాత వస్తువులను ఎక్కడ అప్పగించాలో ఊరూరా, వారి భాషలోనే తెలియజెప్పాలి.

చట్టానికి బలం శిక్షలో మాత్రమే లేదు, ప్రజల నమ్మకంలో కూడా ఉంది. పెద్దవారి ముందు ఆగి, చిన్నవారి మీద పరుగెత్తే చట్టాన్ని ఎవరూ గౌరవించరు. అడవి అంచున ఉండే మనిషి ఆ చట్టాన్ని తనదిగా భావించిననాడే పులికి నిజమైన కాపలా దొరుకుతుంది.