ముక్క తీసి పంపారు

బయాప్సీ అన్న మాట డాక్టరు నోట వినబడగానే ఇంట్లో గొంతులు తగ్గిపోతాయి. రిపోర్టు రావడానికి వారం పడుతుంది. మనం మాత్రం ఆ సాయంత్రానికే తీర్పు రాసేసుకుంటాం. క్యాన్సర్ ఉందనడానికీ, లేదనడానికీ అదే పరీక్ష. కిడ్నీ ఎందుకు దెబ్బతిన్నదో తెలియాలన్నా కొన్నిసార్లు అదే కావాలి. అయినా ఆ మాట మీది నీడ తొలగలేదు.

పుట్టుకలో దానికి చావుతో చుట్టరికం లేదు. 1879లో ఎర్నెస్ట్ బెనియే అనే ఫ్రెంచి చర్మవైద్యుడు గ్రీకు మాటలు రెండు కలిపి దాన్ని కూర్చాడు. బయోస్ అంటే బతుకు, ఆప్సిస్ అంటే చూపు. అంతకుముందే ఉన్న ఆటాప్సీని మనం శవపరీక్ష అంటున్నాం గానీ, అందులోనూ శవం లేదు. తన కళ్లతో తాను చూడడమనే దాని అర్థం. నవలలతో పాటు మా ఆఫీసుకు వచ్చే సినాప్సిస్‌దీ ఇదే వంశం. కొన్నిటిని చదివాక ఆటాప్సీయే నయమనిపిస్తుంది, అది వేరే సంగతి.

పుస్తకాల తెలుగు దీన్ని ‘కణజాల పరీక్ష’ అంది. అర్థానికి వంక పెట్టలేం, కానీ చూపు జారిపోయి పరీక్షే మిగిలింది. జనం ‘ముక్క తీసి పంపారు’ అంటారు, సూదితో లాగితే ‘సూది పరీక్ష’ అంటారు. నాకు ఆ మాటలే ఇష్టం.

అన్నం ఉడికిందా అంటే ఒక మెతుకు పట్టి చూస్తాం. బయాప్సీకి ఆ పోలిక సగం దాకానే పనికొస్తుంది. కుండలో ఏ మెతుకైనా ఒకటే; ఒంట్లో సూది కాస్త పక్కకు జరిగితే గడ్డ సంగతి ముక్కకు తెలియదు. మళ్లీ తీయాలని డాక్టరు అన్నాడంటే, ఏదో దాస్తున్నాడని అనుమానపడక్కర్లేదు.

తీసిన ముక్కను ఫార్మలిన్‌లో వేస్తారు. తర్వాత నీరు లాగేసి, మైనంలో బిగించి, 3, 4 మైక్రాన్ల మందాన పొరలుగా కోస్తారు. తలవెంట్రుక దానికి పది రెట్లకు పైనే లావు. ఆ పొరకు రంగులద్దుతారు: ఒక చెట్టు చేవ నుంచి వచ్చే హెమటాక్సిలిన్‌తో కేంద్రకాలు ఊదానీలమవుతాయి, ఇయోసిన్‌తో మిగతాదంతా గులాబీ అవుతుంది. ఇయోస్ గ్రీకుల ఉషాదేవి.

బతుకుచూపు అన్న పేరే గానీ, మైక్రోస్కోపు కిందికి చేరేసరికి ముక్కలో ప్రాణం ఉండదు. ప్రాణమున్న మనిషి రిపోర్టులిచ్చే కిటికీ దగ్గర చీటీ పట్టుకుని నిలబడి ఉంటాడు.