గ్రాఫిక్స్ కార్డు లేకుంటే అది కంప్యూటరే కాదా?

గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి మార్కుల షీటు మడిచి జేబులో పెట్టుకుని నన్ను అడిగారు: “సార్, మావాడు గ్రాఫిక్స్ కార్డు లేకుంటే కంప్యూటరే వద్దంటాడు. కార్డు వేస్తే ఖర్చు ఎక్కడికో పోతోంది. అది లేకుంటే నిజంగానే గేములు నడవవా?” ఆయనది ఆదోని మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం. వారం తర్వాత ఎమ్మిగనూరులో ఒక తల్లి కూడా ఇదే అడిగారు. పరీక్షలయ్యాక కంప్యూటర్ కొనిస్తామని మాట ఇచ్చిన ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి కాబట్టి, నా అభిప్రాయం ఇక్కడ చెబుతున్నాను.

హైస్కూల్ పిల్లలకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ వాళ్ల చదువుకూ, వయసుకు తగిన చాలా ఆటలకూ సరిపోతుంది. అయితే చూసి కొనాలి. చూడకుండా కొంటే మీ పిల్లల ఫిర్యాదే నిజమవుతుంది.

తెరపై బొమ్మలు గీయడానికి ఒక చిప్ కావాలి. 2011లో ఇంటెల్, ఏఎండీ రెండూ ఆ భాగాన్ని ప్రాసెసర్ చిప్‌లోనే కలిపి అమ్మడం మొదలుపెట్టాయి. అప్పట్లో అది సినిమా చూడటానికి, టైపింగ్‌కు, చిన్నాచితకా ఆటలకు సరిపోయేది. ఇంటిగ్రేటెడ్ అనగానే ఇప్పటికీ వినిపించే చులకన ఆనాటిదే. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జి, 2024లో వచ్చిన రైజెన్ 5 8600జి లాంటి ప్రాసెసర్ల సంగతి వేరు. మైన్‌క్రాఫ్ట్, వాలొరెంట్, రాకెట్ లీగ్ వంటివి సెట్టింగులు కాస్త తగ్గిస్తే వీటిపై బాగానే నడుస్తాయి. 2022లో వాల్వ్ కంపెనీ తెచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ పరికరంలో విడి కార్డు లేనే లేదు. ప్లేస్టేషన్ 5లో కూడా ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే చిప్‌లో ఉంటాయి. అంటే రెండూ కలిసి ఉండటం లోపం కాదు.

ఇబ్బంది వచ్చేది మెమొరీ దగ్గర. విడి కార్డుకు సొంత మెమొరీ ఉంటుంది. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మాత్రం కంప్యూటర్ ర్యామ్‌నే పంచుకోవాలి. ఎమ్మిగనూరు నేత ఇళ్లవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నేసే చేయి ఎంత చురుకైనదైనా, కండెలు చుట్టి ఇచ్చేవారు ఒక్కరే అయితే మగ్గం మధ్యమధ్య ఆగుతుంది. డీడీఆర్4 3200 ర్యామ్ స్టిక్ ఒక్కటే పెడితే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా అందుతుంది. రెండు పెడితే 51.2 జీబీ. అదే ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డులో 360 జీబీ. కార్డు బలానికి ఇదొక పెద్ద కారణం. కార్డు లేనప్పుడు ర్యామ్ స్టిక్కులు ఒకటా, రెండా అన్నది అంత ముఖ్యమైంది కూడా ఇందుకే.

ఈ పొరపాటు నేనే చేశాను. కంప్యూటర్ టీచర్‌నై ఉండి, మా అమ్మాయికి 8 జీబీ స్టిక్ ఒక్కటే ఉన్న సిస్టమ్ కొన్నాను. “నాన్నా, గేమ్ ఆగి ఆగి నడుస్తోంది” అని రెండు నెలలు చెప్పింది. కార్డు కొనిపించుకోవడానికి సాకు అనుకున్నాను. చదువు మీద ధ్యాస పెట్టమని కసిరాను కూడా. ఒక ఆదివారం పక్కన కూర్చుని చూస్తే తను చెప్పింది అక్షరాలా నిజం. రెండో 8 జీబీ స్టిక్ వేశాక ఆ ఇబ్బంది తీరింది. కానీ ఆ తర్వాత కొన్నాళ్లు స్కూలు సంగతులు కూడా నాతో చెప్పడం తగ్గించింది. నాకు ఎక్కువ బాధ కలిగింది దానికే.

కాబట్టి షాపులో మూడు విషయాలు చూడండి. ఒకటి, ర్యామ్ 16 జీబీ ఉండాలి, అదీ 8 జీబీ స్టిక్కులు రెండుగా. ఇప్పటికే కంప్యూటర్ ఉంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, తర్వాత మెమొరీ నొక్కండి. ఎన్ని స్లాట్లు వాడుతున్నారో అక్కడే కనిపిస్తుంది. రెండు, ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకు ఐ5 12400ఎఫ్, అందులో గ్రాఫిక్స్ ఉండదు. దానికి జీటీ 710 లాంటి పాత చిన్న కార్డు జోడించి ‘గేమింగ్ పీసీ’ అంటే ఒప్పుకోకండి. 5600జిలో ఉన్న గ్రాఫిక్స్ దానికంటే చాలా మెరుగు. మూడు, లాప్‌టాప్ తప్పనిసరి కాకపోతే డెస్క్‌టాప్ తీసుకోండి. కార్డు స్లాట్ ఖాళీగా ఉంటుంది, ఇంటర్ అయ్యాక అవసరమనిపిస్తే అప్పుడు వేయించవచ్చు.

కరెంటు లెక్క కూడా చూడండి. 5600జి 65 వాట్ల రకం. 3060 కార్డు ఒక్కటే 170 వాట్లు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నెట్టుకొచ్చే ఇళ్లలో ఆ తేడా తెలుస్తుంది.

అలాగని పిల్లలకు “అన్నీ నడుస్తాయి” అని చెప్పకండి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్‌కు కంపెనీ చెప్పిన కనీస కార్డే ఆర్‌టీఎక్స్ 2060 సూపర్. సైబర్‌పంక్ 2077 సెట్టింగులన్నీ తగ్గించి ఆడినా తృప్తి ఉండదు. అయితే యూరప్ రేటింగ్ ప్రకారం అది 18 ఏళ్లు నిండినవారి ఆట. తొమ్మిదో తరగతి పిల్లాడికి అది నడవకపోతే నష్టమేమీ లేదు.

“కార్డు చదువుకే” అంటే మాత్రం నమ్మకండి. పైథాన్‌కు, ఎక్సెల్‌కు, స్క్రాచ్‌కు కార్డుతో పనిలేదు. నిజంగా బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు చేస్తూ, ఒక్కో బొమ్మ తయారవడానికి గంటలకొద్దీ కాచుకునే పిల్లలుంటే వాళ్ల సంగతి వేరు. చేసిన పని చూపించమనండి, చూశాక కార్డు గురించి ఆలోచించండి.

ఆ తండ్రికి నేను చెప్పింది ఇదే. కొనేముందు అబ్బాయితో కూర్చుని, వాడు ఆడాలనుకునే ఆటలు ఒక కాగితం మీద రాయించండి. ఒక్కోదానికి కనీసం ఏం కావాలో, ఏ వయసువారికో ఇద్దరూ కలిసి చూడండి. ఏది నడుస్తుందో, ఏది నడవదో వాడికి ముందే తెలియాలి. కంప్యూటర్ ఇంటికొచ్చాక “ల్యాగ్ అవుతోంది నాన్నా” అంటే కసరకండి. ముందు పక్కన కూర్చుని చూడండి.

— కంప్యూటర్ విభాగం ఉపాధ్యాయుడు